ముద్ర కింద ఊరు

ఫోటో, ఫోటో, ఫోటో! వచ్చినప్పటిసంది అదే పాటనా రఘునందన్ సార్? అవ్, సైట్ల నుంచి మీ ఫోటో నేనే తీసేసిన. ఈ రోడ్డు వెబ్‌సైట్ చూసుకునేది నేనైతే వేరేటోళ్ళెట్ల తీసేస్తరు? జర మెల్లగ అనున్రి, పక్క రూముల కంట్రాక్టర్ మనుషులు చాయ్ తాగుకుంట చెవులు ఇటే పెట్టిన్రు.

అసలు ఆ ఫోటో చూసిన్రా మీరు? చేతిల కొబ్బరికాయ. చూపు మాత్రం కెమెరా దిక్కు! ఇబ్రహీంపట్నం నుంచి హయత్‌నగర్ దాక కొత్త రోడ్డు ఎక్కడికెళ్ళి పోతదో తెల్సుకుందామని జనం సైటు తెరుస్తరు. మొదలు మీ మీసాలు. జర కిందికి జరిపితే మీ శాలువా. ఇంక జరిపితే మీ ఉగాది శుభాకాంక్షలు, అవి గూడ పోయినేడువి. మరి రోడ్డేది సార్?

గట్ల గుర్రుగ చూడకున్రి. మీసాలు బాగుంటయి, అది వేరే ముచ్చట.

నాకు రోత పుట్టింది మీసాలకు కాదు, రోడ్డు పటానికి మీరు పట్టిచ్చిన గతికి. కంప్యూటర్ల అద్దం లెక్క ఉండె. ఏ చేను పోతది, ఏ బోరు మిగుల్తది, ఏలు పెట్టి చూపియ్యచ్చు. మీరేమన్నరు? "సంతకం లేని పటం ఎవలు నమ్ముతరమ్మా శ్రీనిధీ" అన్నరు. ప్రింటు తీయించిన్రు. పచ్చ ఇంకుతోని సంతకం గీకిన్రు. దాని మీద నీలం ముద్ర, అప్పడం ఒత్తినట్టు ఒత్తిన్రు. మళ్ళ దాన్ని స్కాన్ చేపిచ్చి, సైట్ల అడ్డంగ పెట్టిపిచ్చిన్రు. చూసెటోడు మెడ ఇరగ్గొట్టుకోవాలె.

ఇరగ్గొట్టుకున్నా లాభం లేకపాయె. ముద్ర ఏడ పడ్డది? సక్కగ తూర్పు దిక్కు చేన్ల మీద! సర్వే నంబర్లన్ని మునిగినయ్. రోడ్డు రాకముందే ఊరు మాయం!

పక్కకు కొడదాం సార్ అని చెప్పలేదా నేను? "సంతకం మీదనే పడాలె, రూల్" అన్నరు.

పోయిన వారం ఆ తూర్పు చేన్ల ఇంద్రమ్మ పెద్దమ్మ వచ్చింది. మీరు లోపల్నే ఉన్నరు, సార్ లేడని చెప్పిపిచ్చిన్రు. మనుమరాలి ఫోన్ల ఆ పటం పట్టుకొచ్చింది పాపం. ముద్ర మీద ఏలు పెట్టి, "బిడ్డా, ఇది చెరువే కదా? చెరువున్న దిక్కు రోడ్డెట్ల వస్తది, నా బోరుకేం కాదు కదా?" అనడిగింది.

నీలంగ, గుండ్రంగ ఉంటే, అంత పెద్ద చెరువు పక్కన బతికే మన ఇబ్రహీంపట్నపోళ్ళు ఇంకేమనుకుంటరు సార్? ఆమె ఒక్కతే కాదు, ఊరు ఊరంత చెరువే అనుకొని నిమ్మళంగ ఉన్నది.

రోడ్డేమో ఆమె బోరు మీదికెళ్ళే పోతది. ఆ బోరుంటేనే ఆమె వంకాయ మడులు, ఆమె బతుకు. గడువుల అభ్యంతరం ఇయ్యకుంటే ఒప్పుకున్నట్టేనని సైట్ల ఎర్రగ ఉరికే లైను రాయించింది మీరే. ఊరోళ్ళు సప్పుడు చేయలే. మీరేమో గడువు తీరకముందే "ప్రజల నుంచి ఒక్క అభ్యంతరం గూడ రాలేదు" అని పైకి రిపోర్టు పంపి చప్పట్లు కొట్టిచ్చుకున్నరు. థూ! దాన్ని సైటుకెక్కిచ్చినంక చేతులు సబ్బు పెట్టి కడుక్కున్న, ఒట్టు.

ఏంది? ఫోటో ఎప్పుడు తీసేసినవంటరా? సోమవారం. ఇయ్యాల శుక్రవారం. అది గూడ మీర్‌పేట్ నుంచి మీ బామ్మర్ది ఫోన్ చేస్తే తెల్సింది మీకు! మన సైటు మీరొక్కనాడన్న తెరిస్తే గద.

కూసోన్రి సార్, అసలు ముచ్చట చెప్త. ఫోటో తీసేసిన జాగల ఏం పెట్టిననో మీరింక అడగనే లేదు.

పటం పెట్టిన. సంతకం లేంది, ముద్ర లేంది, నిలువుగ ఉన్నది. పెట్టి, ఇంద్రమ్మ మనుమరాలికి పంపిన. ఆ పిల్ల ఊరంతకు పంపింది.

జర కిటికీల నుంచి తొంగి చూడున్రి. అవ్, ట్రాక్టర్ల మీదికెళ్ళి దిగుతున్నది వాళ్ళే. అభ్యంతరాల గడువుకు ఇయ్యాల్నే ఆఖరు.

నౌకరి తీసేస్తరా? తీసేయున్రి, కాంట్రాక్టు నౌకరికి అదెంత పని! కని రేపు తీసేయున్రి సార్. ఇయ్యాల వాళ్ళ అర్జీలు తీస్కోనీకి ఈ ఆఫీసుల నేను తప్ప ఎవ్వరు తలుపు తెరవరు.