తడవని ఓడ

ఆటోనగర్‌లో స్ప్రే పెయింటింగ్ చేసే జగ్గారావు టీకి వచ్చాడంటే, అతని కోతలు వినడానికి అప్పాయమ్మ బడ్డీ దగ్గర బల్లలు నిండిపోతాయి. ఆ పొద్దున అతను కావాలనే యోహాన్ పక్కన కూర్చున్నాడు. యోహాన్‌కి ఫిషింగ్ హార్బర్‌లో ఓ ఇనప బోటు ఉంది. అడుగు రేకుని తుప్పు తినేస్తోందని, తుక్కుకి అమ్మేద్దామని చూస్తున్నాడు.

"అమ్మీకు బావా," అన్నాడు జగ్గారావు. "మా షాపుకి హేమశ్రీ మేడమ్ అని ఓ సైంటిస్టు వత్తంటాది. నానో మందంట, సిన్న సీసాడు తెచ్చింది. ఓ ఇనప రేక్కి నానే పూసి, ఉప్పునీల్ల బకెట్లో పడేసినాను. మూడు నెల్లయినాది. తుప్పు మరక నేదు."

"నానో అంటే ఏటి?"

"సిన్నదానికి సిన్నది. నీ తలెంటికని నిలువునా లచ్చ పీలికలు సేసినావనుకో, అందులో ఒక్క పీలిక మందం. బంగారాన్ని అంత సిన్నగా సేత్తే ఎర్రగా అయిపోద్ది బావా. ఈ కల్లతో సూసినాను, సీసాలో దానిమ్మ రసంలా ఉంది. అలాగే ఎండిని పొడి సేసి గుడ్డలో కలిపితే సెమట కంపు రాదంట. మందుబిల్లని అంత సిన్నగా సేసి ఒంట్లోకి పంపితే, తిన్నగా జబ్బున్న సోటికే ఎల్తాదంట."

బల్లల మీద మాటలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం జగ్గారావుకి టీ కన్నా రుచి. అక్కడితో ఆగలేకపోయాడు.

"మిగిలిన మందు సొక్కాకి రాసుకున్నాను. పూర్ణా మార్కెట్లో జోరువాన, నా సుట్టూ నాలుగడుగులు పొడినేల. ఉల్లిపాయలోల్లు బస్తాలట్టుకొచ్చి నా కాల్ల దగ్గరెట్టుకున్నారు. ఆ తర్వాత ఏటయినాదో తెల్సా? ఓడోల్లు కబురెట్టినారు. ఐదంతస్తుల ఓడ, ఇంకొక్క సీసాతో అడుగంతా పూసేసినాను. నీట్లోకి దించితే, సముద్రం ఎనక్కి జరిగిపోనాది. ఓడ నీటికి జానెడు పైన నిలబడిపోనాది. గాలి తగిల్తే సాలు, జారిపోతంది, లంగరేసినా ఆగదు. డాల్ఫిన్స్ నోస్ కొండ దాటిపోతంటే, నానే తాడు నడుముకి సుట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చినాను. కింద సేపలు తలలెత్తి సూత్తన్నాయి, మా నెత్తిన ఈ కప్పు ఏటని."

అప్పాయమ్మ టీ వడకడుతూనే అడిగింది. "అల్లుడా, నీల్లే అంటుకోని మందు ఓడకెలా అంటుకుంది?"

బల్లలు కదిలిపోయేలా నవ్వారు అందరూ. యోహాన్ గ్లాసు కిందపెట్టి లేచాడు. జగ్గారావు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. ఓడ పోతే పోయింది, కానీ బకెట్లో రేకు నిజం.

"ఆ మాటే నానూ మేడమ్‌ని అడిగినాను," అన్నాడు గొంతు తగ్గించి. "ఒక్కో నలుసుకీ రెండు కొసలుంటాయంట. ఓ కొస ఇనుముని పట్టుకుంటాది. రెండో కొస నీటిని తోసేత్తాది."

"ఇయాల్టి కోతల్లో ఇదే పెద్దది," అంది అప్పాయమ్మ.

ఈసారి ఇంకా నవ్వారు. ఓడని లాక్కొచ్చానన్నప్పుడు కూడా ఇంత నవ్వలేదు.

యోహాన్ మాత్రం నవ్వలేదు. నిలబడే, రెండు వేళ్లు దగ్గరగా పెట్టి నలుసుని కొలుస్తున్నట్టు వాటి మధ్య ఖాళీని చూశాడు.

"రెండు కొసలా," అన్నాడు. "ఆ మేడమ్ మల్లీ ఎప్పుడొత్తాది?"