అయిదు రోజుల రంగు

రాదే! చచ్చినా రాదు ఈ గోళ్ల రంగు... అయ్యో, నీ ముందు ఏం మాట వచ్చింది నా నోట! ఏమనుకోకక్కా. ఎన్ని దూది ఉండలు నల్లబడ్డాయో చూడు, ఇంకా ఎడమ చిటికెన వేలి అంచున అలాగే కరుచుకుని కూర్చుంది. రెండు పూతలు వేసిందెవరు? నేనే. పైన మళ్లీ మెరుపు పూత. "పది రోజులు గీత కూడా పడదు మేడమ్" అని కౌంటరు వెనక నిలబడి రోజంతా వాగుతుంటానా, అదంతా అమ్ముకోడానికి చెప్పే కబుర్లనే అనుకున్నాను ఇన్నాళ్లూ. నిజమేనట.

ఉమ్మ్ సబ్రీ వంటింట్లో నీళ్లు కాస్తోంది. ఈ వీధిలో పోయిన ఆడవాళ్లందరికీ ఆఖరి స్నానం ఆవిడే చేయించింది, నీకు తెలుసుగా. గుమ్మంలోకి వస్తూనే నీ చేతులు చూసి ఆగిపోయింది. "ఈ రంగులేమిటి? రంగు కింద గోరు తడవదు, గోరు తడవకపోతే స్నానం కాదు. ఎవరు పూశారు?" అంది. నేనన్నాను. "అయితే నువ్వే తియ్యి" అని తలుపు దగ్గరగా వేసి పోయింది.

మధ్యాహ్నం నమాజు వేళకి నిన్ను మసీదుకి తీసుకెళ్లాలి. రిఫత్ బావ పోర్ట్ సయీద్‌లో ఓడ దిగి కారెక్కాడట. ఆయన వచ్చేలోపు స్నానం అయిపోవాలి. అందుకే గబగబా తుడుస్తున్నాను. నొప్పి పుడితే చెప్పు.

ఏం చెబుతావులే.

ఎడమ చెయ్యి అయిపోయింది. అయిదు వేళ్లకీ ఒకటే రంగు కదా, నల్ల ద్రాక్ష, ఈ చలికాలం కొత్త రంగుల్లో అన్నిటికంటే ముదురు. మొండి ఘటం. గోరు చుట్టూ చర్మంలోకి దిగిపోయింది, చేత్తో నల్ల ద్రాక్షే పిసికినట్టు. కుడి చెయ్యి ఉంది ఇంకా. వేలికొక రంగు.

ఈ ఇంట్లో నీ గోళ్లకి ఉన్న విలువ నీ మొహానికి ఎప్పుడుందక్కా? అయిదు పూటలా చేతులు కడుక్కుని నమాజు చేసే ఆడదాని వేళ్లకి రంగు కనబడిందంటే ఇంక అడగక్కర్లేదు, నెలలో నమాజు లేని ఆ అయిదు రోజులూ వచ్చాయని. హజ్జా ఫిక్రియాకి క్యాలెండరెందుకు, కోడలి వేళ్లుండగా? ఆరేళ్లపాటు నువ్వు టీ గ్లాసు అందిస్తుంటే ఆవిడ గ్లాసూ చూడలేదు, నిన్నూ చూడలేదు. గోళ్లే చూసింది. "ఈ నెల కూడా ఎర్రగానే ఉన్నాయేం పిల్లా?" అని అందరి ముందూ అనేది. నువ్వు నవ్వేసి వంటింట్లోకి పోయేదానివి. నన్ను చూస్తే ఇంకో పాట. "ఈ ఇనాస్‌కి అల్లా నెలంతా సెలవిచ్చాడు!" నా ఉద్యోగమే అది హజ్జా, గోళ్లకి రంగు లేకుండా కౌంటరులో నిలబడనివ్వరు అంటే, "ఆ మాట పైన కూడా చెప్పుకో" అనేది. నువ్వూ నేనూ బాల్కనీలోకి పోయి పడీ పడీ నవ్వేవాళ్లం.

ఆవిడ చెడ్డదని కాదులే. మూడుసార్లు నీ కడుపు నిలిచినప్పుడూ బజారు మొత్తం స్వీట్లు పంచింది. మూడుసార్లూ బాలింతలకిచ్చే మొగాత్ పొడి కొని డబ్బాలో పోసి పెట్టింది. మూడుసార్లూ నీ కడుపు పోయాక, స్వీట్లు తిన్న వాళ్లే వరుసగా పరామర్శకొచ్చి కూర్చున్నారు. ఆ డబ్బా ఇప్పటికీ అలమరాలో ఉంది. పొద్దున చక్కెర కోసం తలుపు తీస్తే అదే కనబడింది. మళ్లీ మూసేశాను.

అందుకే కదూ ఈసారి ఎవరికీ చెప్పలేదు నువ్వు?

తిట్టాలనుంది నిన్ను. లేని అయిదు రోజుల్ని చూపించడానికి పోయిన నెల నువ్వే గులాబీ రంగు వేసుకున్నావు. రోజు దాటితే ఆవిడ వేళ్లు లెక్కపెట్టి పసిగట్టేస్తుందని, సరిగ్గా ఆ తేదీకే వేసుకున్నావు. అయిదు రోజులు నమాజు కూడా మానేశావు. ఊళ్లో జనం నమాజు చేసినట్టు నటిస్తారక్కా. నువ్వు చెయ్యకూడనట్టు నటించావు. గింజంత బిడ్డ కోసం.

ఇదిగో బొటనవేలు. దీని పేరు తడి ఇటుక. పారిస్‌లో ఎవరో పెట్టిన పేరట, మా కొట్టు మదామ్ సుజీ మాకు అరబ్బీలో చెప్పించింది. ఏడాదికి నాలుగు పెట్టెలొస్తాయి, కాలానికొకటి. "వేసి చూడకుండా అమ్మొద్దు. సీసాలో ఉన్న రంగు వేరు, వేలి మీద రంగు వేరు" అంటుంది. ఈసారి ఇంకో మాట కూడా చెప్పింది. ఎవరి ఫోటో బాగుంటే ఆ ఫోటో కౌంటరు మీద పెడతారు, ఆ అమ్మాయిని కౌంటరుకి పెద్దని చేస్తారు అని. నా చేతులు చూశావుగా, రోజంతా ఈ మందుతో తుడిచి తుడిచి పొలుసులు లేచిపోయాయి, ముసలిదాని చేతుల్లా. నీవేమో పొడుగు వేళ్లు. ఏడాదికి నాలుగుసార్లు నిన్ను బతిమాలడమే నా పని. "నమాజు పాడవుతుంది, ఆ రోజులొస్తే చూద్దాంలే" అని నువ్వు తిప్పించుకోవడం.

నిన్న మాత్రం నువ్వే ఫోన్ చేశావు. "చలికాలం పెట్టె వచ్చిందా? పట్టుకురా, నాకు కుదిరింది" అన్నావు. ఎంత సంబరపడ్డానో! మధ్యాహ్నమే కొట్లోంచి సెలవు పెట్టి ట్రాములో నిలబడి వచ్చాను, పెట్టె గుండెలకి హత్తుకుని.

చూపుడువేలు. అంజూరం తొక్క. ఇది తొందరగానే వదులుతోంది.

బాల్కనీలో కుర్చీ వేశాను. సముద్రం వైపు నుంచి వెలుతురు బాగుంది. ఎడమ చెయ్యి మొత్తం పూశాను, కుడి చెయ్యి పట్టుకున్నాను. నువ్వు ముందుకి వంగావు. "ఏమైంది?" అన్నాను. "పొట్టలో పోటు" అన్నావు. "మొదటి రోజు కదా మరి" అన్నాను.

హజ్జా సోంపు కషాయం పట్టుకొచ్చింది. గోళ్లు చూసి "హుఁ" అంది, ఎప్పట్లాగే. కానీ పోలేదు. నీ మొహంలోకి వంగి చూసింది. ఆరేళ్లలో మొదటిసారి గోళ్లొదిలి నీ మొహం చూసిందక్కా! "పిల్ల ఇలా పాలిపోయిందేమే? చెమటలు చూడు. డాక్టరు దగ్గరికి తీసుకెళదామా?" అంది.

నేనేం చేశాను? నీ చెయ్యెత్తి ఆవిడకి చూపించాను. "గోళ్లు చూడండి హజ్జా! ఆ నొప్పే. దీనికి డాక్టరెందుకు?" అన్నాను. నవ్వాను కూడా. ఆవిడ నా మాట నమ్మి లోపలికి పోయింది.

రంగు చూసి రోజులనుకుంది ఆవిడ. రంగు వేస్తూ వేస్తూ నేనూ అదే అనుకున్నాను. సీసా నా చేతిలోనే ఉందే!

ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ నీ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించింది. అంకె సరిగ్గా పడలేదు. వేలు మార్చింది. "ఈ ముదురు రంగులతో మా ప్రాణం తీస్తారు" అని విసుక్కుని చెవికి పెట్టింది. తర్వాత పొట్ట మీద యంత్రం పెట్టి చూసి నావైపు తిరిగింది. ఎనిమిది వారాలట. బిడ్డ గర్భసంచిలో కాకుండా పక్క గొట్టంలో నిలిచిందట. గొట్టం పగిలి రక్తమంతా లోపలే పోయిందట. "నొప్పి ఎప్పుడు మొదలైంది?" అంది. ఇప్పుడే అన్నాను. "ఇప్పుడే మొదలైతే ఇంత రక్తం పోదమ్మా. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే..." అని ఆపేసింది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేలోపే నువ్వు లేవు.

టాక్సీలో మనిద్దరమే ఉన్నప్పుడు నువ్వేమన్నావు? "హజ్జాకి చెప్పకు, మూడో నెల దాటనీ" అన్నావు. నా భుజం మీద తల పెట్టి, అప్పుడు కూడా నెలలే లెక్కపెడుతున్నావు. ఆ మాటే పట్టుకున్నాను నేను. అక్క వద్దంది కదా, చెప్పను, అక్క మాట కదా. ఇంటికొచ్చి కడుపులో పుండు పగిలిందట అని చెప్పాను. ఎంత బాగుందో కదా ఆ సాకు!

నిన్నటి నుంచి హజ్జా గోడకి తల కొట్టుకుంటోంది. "నేనే అన్నాను డాక్టరని, అని ఎందుకూరుకున్నాను? నా కోడల్ని నేనే చంపుకున్నాను" అని. వినిపిస్తోందా? పొద్దుటికి గొంతు పోయింది, గాలే వస్తోంది. నిజం దాచుకుని ఆవిడ పక్కనే కూర్చుని వీపు రాశాను.

ఇంకోటి కూడా తెలుసు నాకు. కడుపుతో పోయిన ఆడదానికి అమరుల వరుసలో చోటిస్తారని చిన్నప్పుడు అమ్మ చెప్పేది మనకి. ఇవాళ మసీదులో నీకా మాట దక్కదు. ఎందుకు దక్కుతుంది? పుండుకెవరిస్తారు?

మధ్యవేలు. పాత రాగి. దీని దగ్గర ఆగాలి నేను.

ఇక్కడే అన్నావు నువ్వు. హజ్జా వెళ్లాక, ఈ వేలికి రెండో పూత వేస్తున్నప్పుడు నా మణికట్టు పట్టుకున్నావు. "ఇనాస్, అది కాదు. నీకొక మాట చెప్పాలి" అన్నావు. విన్నాను. వినబడలేదని నీ ముందు కూడా చెప్పనా? విన్నానక్కా. "అది కాదు" అంటే ఏది కాదో, ఆ క్షణంలో నా లోపల ఎక్కడో తెలిసింది కూడా. కానీ రాగి అంచు చెదిరింది. వెలుతురు పోతోంది. "చెయ్యి కదపకు, పాడైపోతుంది. ఆరాక చెబుదువుగాని" అన్నాను.

నువ్వు కదపలేదు. నా మాటకి ఎప్పుడు ఎదురు చెప్పావు నువ్వు? ఉంగరపువేలికీ చిటికెన వేలికీ పూసేదాకా, ఆరేదాకా, కుషను మీద చేతులు పెట్టి పళ్లు బిగించి కూర్చున్నావు. పద్నాలుగు ఫోటోలు తీశాను. కాస్త వేళ్లు వంచు అన్నాను, వంచావు. ఫోటోల్లో నీ మొహం పడలేదులే, చేతులే ఉన్నాయి. రంగులు నిగనిగలాడుతున్నాయి. లోపల రక్తం కారిపోతున్న మనిషి వేళ్లంటే ఎవరూ నమ్మరు.

అబాయా వేసుకోడానికి నువ్వు లోపలికెళ్లావు, ఒంట్లో బాగోలేదు అలా గాలికి పోదాం అంటూ. ఆ రెండు నిమిషాల్లో నేను ఫోటో సుజీకి పంపాను. పంపుతుంటేనే దబ్బుమని చప్పుడైంది.

పొద్దున ఆవిడ జవాబు వచ్చింది. "ఎవరివమ్మా ఈ చేతులు? ఇవే ఖాయం" అని.

ఉంగరపువేలు అయిపోయింది. రేవు పొగమంచు అట దీని పేరు. ఇక చిటికెన వేలి అంచు ఒక్కటే. ఇటు చూడు, రంగు పోయిన గోళ్లు. సున్నంలా ఉన్నాయి. నిన్న బాల్కనీలోనే ఇలా ఉన్నాయేమో, పైన అంత రంగు లేకపోతే నాకు కనబడేదేమో. లేదు... ఇదీ సాకే. మొహం కనబడలేదా నాకు? హజ్జాకి కనబడిందిగా.

ఆఁ, వస్తున్నాను! ఒక్క వేలుంది!

ఉమ్మ్ సబ్రీ పిలుస్తోంది. నీళ్లు సిద్ధమట. ఇంకా ఏదో అడుగుతోంది, ఆగు... "కడుపుతో ఉందా అమ్మా మీ కోడలు? స్నానంలో పొట్ట మెల్లగా నొక్కాలి, కడుపుతో ఉంటే నొక్కకూడదు. అందుకే అడుగుతున్నా" అంటోంది, హజ్జాని.

హజ్జా చెబుతోంది. విన్నావా? ఆ పోయిన గొంతుతోనే. "ఎక్కడిదమ్మా ఆ భాగ్యం? నిన్ననే రోజులొచ్చాయి. చూడలేదూ, గోళ్ల నిండా రంగే."

వదిలింది. చిటికెన వేలు కూడా వదిలేసిందక్కా. పది వేళ్లూ శుభ్రంగా ఉన్నాయి. ఇప్పుడు ఎవరు చూసినా నువ్వు నమాజుకి సిద్ధంగా ఉన్న మనిషివే అనుకుంటారు.

నీ చెయ్యి ఇలా పొట్ట మీద పెడుతున్నాను. ఒక్క నిమిషం పట్టుకుని ఉండు. మూడో నెల దాటనీ అన్నావు కదా. దాటదక్కా. నీ మాట తప్పుతున్నాను.

హజ్జా! ఫిక్రియా హజ్జా! ఒకసారి లోపలికి రండి. ముందు ఆ కుర్చీలో కూర్చోండి. పొట్ట నొక్కొద్దని చెప్పండి ఉమ్మ్ సబ్రీకి.