సముద్రంలో తడిసిన నీలం డ్రెస్సు

అక్క బయమ్మ పెద్దకర్మకు పుట్టింటి తరఫున పచ్చ చీర తీసుకుని శింగనమల నుంచి కదిరికి వచ్చాను. కొత్త బట్ట ఫోటో ముందు పెట్టి కొబ్బరికాయ కొడితే వచ్చినవాళ్లు భోజనానికి లేస్తారు. మా బావ పుల్లన్న ఆ చీరను పక్కకు జరిపేశాడు. లోపలికి వెళ్లి నీలం రంగు పంజాబీ డ్రెస్సు ఒకటి తెచ్చి, ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"బయమ్మకు ఇదే పెట్టాల."

మా అక్క చీర తప్ప ఇంకోటి ఎరగని మనిషి. "ఏం బావా, యాభై దాటిన ఆడమనిషికి పంజాబీ డ్రెస్సా?" అన్నాను.

"నీకేం తెలుసు హేమా? ఇది వేసుకొనే మీ అక్క మాల్దీవులంతా తిరిగింది."

మాల్దీవుల సంగతి అందరికీ తెలుసు. బావకు డ్రిప్ పైపుల అంగడి ఉంది. పోయినేడు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్లు డీలర్లను జంటలుగా అక్కడికి పంపారు. అక్కా బావా పెట్టెలు పట్టుకుని బెంగళూరు బస్సెక్కడం వీధంతా చూసింది. తిరిగి వచ్చాక కొన్నాళ్లకే అక్క మంచం పట్టింది.

చుట్టూ జనం చేరేసరికి బావ గొంతు పెరిగింది. ఆయనకు వినేవాళ్లుంటే చాలు.

"అది ముస్లింల దేశమప్పా. హోటలోళ్ల దీవుల్లో ఎట్లయినా ఉండొచ్చు గానీ, ఊరోళ్లు ఉండే దీవుల్లో భుజాలు, మోకాళ్లు కనపడగూడదు. మరి చీర కడితే నడుము కనపడతాది గదా! ఏం వేసుకోవాల, ఏం వేసుకోవాల అని బయమ్మ ఒకటే ఆలోచన. ఆఖరికి మన మాబున్ని దగ్గర ఇది కుట్టించుకునింది. అవునా, కాదా మాబున్నీ?"

ఎదురింటి దర్జీ మాబున్ని అరుగు చివర కూర్చుని ఉంది. "కుట్టినా అన్నా," అంది.

"పడవ దిగినాం. మాతో వచ్చిన డీలర్ల పెండ్లాల్లో ఒకామె చీర కట్టింది, ఇంకొకామె నిక్కరు వేసింది. ఒడ్డున ఆఫీసరు నిలబడుకోనుండాడు. చీరామె నడుముకు తువ్వాలు చుట్టించినాడు. నిక్కరామెకు లుంగీ ఇప్పించినాడు. బయమ్మను చూసి ఏం చేసినాడో తెలుసా? సెల్యూట్ కొట్టినాడు!"

"ఆఫీసరా?" అన్నాడు పక్కంగడి రంగన్న.

"ఆఫీసరే అప్పా, భుజాన నక్షత్రాలుండాయి. మధ్యాన్నానికి దీవిలో ఆడోళ్లంతా మా గది ముందర వరస కట్టినారు, ఈ డ్రెస్సు కొలతలు కావాలని. అంగళ్లలో నీలంగుడ్డ అయిపోయింది. కిటికీ పరదాలు పీకి కుట్టుకున్నారు. ఈ డ్రెస్సుకు బయమ్మ అనే పేరు పెట్టుకున్నారు. తెల్లారి నేను 'బయమ్మా' అని పిలిస్తే దీవి దీవంతా తిరిగి చూసింది!"

ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత మనుషులు నవ్వారు. మాబున్ని మాత్రం బావ ఒళ్లో ఉన్న డ్రెస్సునే చూస్తోంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సముద్రంలోకి దిగింది. బోరు కాడ బిందె పెట్టుకొని ఎదురుచూసిన ఆడది, అన్ని నీళ్లు ఒక్క తూరి చూసేసరికి ఏడ్చింది. నీళ్లూ నీలమే, డ్రెస్సూ నీలమే. చేపలకు తేడా తెలీలా. ఈ చేతిలో దూరి ఆ చేతిలో బయటికొస్తాండాయి. గట్టుకొచ్చి చేతులు దులిపితే ఊరందరికీ కూర!"

"బయమ్మ వదిన చేప ముట్టదు గదన్నా?"

"ముట్టిందని ఎవరన్నారు రంగన్నా? దులిపింది, అంతే. ఇంతలో గాలి లేచింది. డ్రెస్సు బుంగ మాదిరి ఉబ్బి మనిషి పైకి పోతాంది. నేను ప్యాంటు కాలు పట్టుకున్నా. ఇద్దరం కొబ్బరిచెట్ల పైన పోతాండాం. పైనుంచి చూసి ఏమనిందో తెలుసా? 'ఏమయ్యా, ఇన్ని నీళ్లు ఊరికే పడుండాయే, నీ పైపు ఒకటి వేస్తే మా శింగనమల చెరువు నిండదా?' అనింది. దిగినాక దీవి పెద్దను అడిగినాం. బయమ్మ అడిగితే కాదంటామా అన్నాడు. ఈ చేతుల్తో పైపు వేసినా. సముద్రం జానెడు దిగిపోయింది!"

"ఉప్పునీళ్లు గదన్నా!"

"అదీ ఆలోచించినాం. ఈ డ్రెస్సే పైపు మూతికి కట్టి వడగట్టినాం. కొబ్బరినీళ్ల మాదిరి తియ్యగా వచ్చినాయి."

"మా చెరువుకు ఇంకా రాలేదే బావా," అన్నాను.

"వస్తాండాయి. దూరం గదా."

లోపలి నుంచి బావ మేనత్త ఓబుళమ్మ కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. గడప దగ్గర నిలబడి అంతా విన్నట్టుంది.

"ఒరే పుల్లా, పొద్దుపోతాంది. హేమ తెచ్చిన చీర ఇయ్యి, పెట్టేస్తాం."

"ఇదే పెట్టాల అత్తా."

"ఎట్ల పెడతార్రా? ఒక తూరి ఒంటి మీద వేసుకున్న గుడ్డ పోయినోళ్లకు పెట్టగూడదు. ఇది వేసుకొని తిరిగింది, సముద్రంలో తడిసింది, చేపలు దూరినాయి, పైపుకు కట్టినాం అని నువ్వే అంటివే. పెట్టేది కొత్త గుడ్డ అయ్యుండాల."

ఎవరూ నవ్వలేదు. బావ డ్రెస్సు మడతను ఒకసారి సరిచేశాడు. ఇంకోసారి సరిచేశాడు. రంగన్న నేలచూపులు చూశాడు.

"కొత్తదే అత్తా."

"ఏమీ?"

"కొత్తదే. ఒక్క తూరి గూడ వేసుకోలా."

ఇప్పుడు ఆయన గొంతు అరుగు దాటడం లేదు.

"అప్పటికే కడుపునొప్పి అంటాండె. విమానం ఎక్కేముందు ఒకసారి చూపించుకుందామని బెంగళూరులో ఆస్పత్రికి పోయినాం. చూసినోళ్లు మమ్మల్ని కదలనీలా. కంపెనీ జనమంతా పోయినారు. మేం ఆడనే ఉండిపోయినాం. 'వీధంతా నవ్వుతా సాగనంపింది గదయ్యా, పోయొచ్చినామనే చెప్పు' అనింది. చెప్పమనింది, చెప్తాండా."

నాకు కూడా మాల్దీవుల సంగతి ఫోన్‌లో చెప్పింది అక్కే. నీళ్లు భలే నీలంగా ఉన్నాయంది. నేను ఫోటోలు పంపమని అడిగాను. ఫోన్ నీళ్లలో పడిందంది. నమ్మాను.

మాబున్ని లేచి వచ్చి డ్రెస్సు తీసుకుంది. ప్యాంటు కాళ్లు తిప్పి చూపించింది. నీలంగుడ్డ అంచు చుట్టూ పొడుగు పొడుగు కుట్లతో తెల్లదారం.

"ఇది నేను వేసిన దారమే. ఊరికే మడత నిలబడేదానికి వేస్తిని. పొడుగు చూసుకొని రా వదినా, అసలు కుట్టు వేస్తానంటిని. మళ్లా రానేలా." ఆమె నావైపు తిరిగింది. "సూది ఉంటే ఇయ్యమ్మా."

అక్క సూదిదారం ఎక్కడ పెడుతుందో నాకు తెలుసు. తెచ్చి ఇచ్చాను. ఓబుళమ్మ కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని గడప మీదే కూర్చుంది. మాబున్ని తెల్లదారం లాగేసి, నీలం దారం ఎక్కించింది.

"ఎంత పొడుగు పెట్టమంటావన్నా?"

బావ వంగి, తన కాలి దగ్గర అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. చీలమండకు చాలా పైన.

"అంత పైకెందుకురా?" అంది ఓబుళమ్మ.

"నీళ్లలో నిలబడితే తడుస్తాది అత్తా."