ఆనుకొని తొక్కే సైకిల్

నాపరాయి గనిలో లారీ మీద నుంచి పడి నడుము విరిగినప్పటి నుంచి, రెండేళ్లుగా నెహెమ్యా సైకిలెక్కలేదు. కమలాపురంలో వెల్డింగ్ షాపు నడిపే బావ అతని కోసమే కొత్త సైకిల్ తయారుచేశాడు. వెనక్కి వాలిన కుర్చీలాంటి సీటు, చిన్న ముందు చక్రం, దానికంటే ముందుగా పెడళ్లు.

“బావా, ఇది సైకిలా, పడక కుర్చీనా? జనం నగుతారు.”

“నగనీప్పా. వీపంతా ఆనుకుంటాది, నడుం మీద బరువు పడదు. కూచో.”

నెహెమ్యా కూర్చున్నాడు. కాళ్లు చాపి పెడళ్లు అందుకున్నాడు. నమ్మకం కుదరక కాసేపు అట్లాగే ఉండిపోయాడు.

“నొప్పి ఉండాదా?”

“లేదు బావా.”

“అయితే చర్చి దాకా పోయి రా. మీ అక్క చూసి శానా సంతోషపడతాది.”

“గని దాకా పోతా.”

బావ చేతిలోని స్పానర్ కింద పెట్టాడు.

“ఆడికెందుకప్పా? ఇంగ ఆ పని నువ్వు చేసేది లేదు గదా.”

“పనికి కాదు బావా. ఆ పొద్దు గనికి నేనే సైకిల్ తొక్కుకుంటా పోయినా. ఇంటికి మాత్రం నలుగురు మోసుకొచ్చినారు. ఒక్కసారి ఆడ్నుంచి నా అంతట నేను రావల్ల.”

బావ రెండు సీసాల్లో నీళ్లు నింపి, సీటు వెనక కట్టి, దారిలోంచి పక్కకు జరిగాడు.