గంట మోగని మిషను

"అత్తయ్యా, కంప్యూటర్ మీద కొడుతుంటే నీ ఎడమ చెయ్యి అలా పైకి లేస్తుందేంటి?"

చూశావన్నమాట! నవ్వకే. అది టైపు మిషను చెయ్యి. లైను అయిపోవస్తే టింగుమని గంట మోగేది, ఎడమ చేత్తో పైనున్న మీట పక్కకి తోస్తే కింది లైను మొదలుకొచ్చేది. ఇరవై ఏళ్ళు... కాదులే, తణుకు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నది కూడా కలిపితే ఇంకా ఎక్కువే.

ధవళేశ్వరంలో కాలువల ఆఫీసులో టైపిస్టుని కదా. తొంభైల చివర్లో మాకు కంప్యూటర్ వచ్చింది. దానికో గది, గదికి ఏసీ. మాకు మాత్రం కిర్రుకిర్రుమనే ఫ్యానే. ఆఫీసరు గారు పిలిచి, "నెలలో ఇది నేర్చుకోండి. రాకపోతే మిమ్మల్ని ఆ కొండల్లో రంపచోడవరం పంపాల్సొస్తుందండి, అక్కడింకా టైపు మిషనే" అన్నారు. మంచాయనే పాపం, పైనుంచి వచ్చిన మాట. మీ బావ అప్పుడు టెన్త్. మీ మావయ్యకి స్టవ్వు వెలిగించడం కూడా రాదు. "నువ్వెళ్తే మేం బ్రెడ్డు తిని బతకాలి" అన్నాడు. నామీద బెంగ కాదే, ఆకలి భయం.

సరే, నేర్చుకున్నాను. అంటే, నేర్చుకున్నాననుకున్నాను. దీనికి గంట లేదు కదా, లైను ఎక్కడాపాలో ఎవరు చెప్తారు? అంచు దాకా రాగానే ఎంటర్ కొట్టేదాన్ని, ప్రతి లైనుకీ.

నెలాఖరున ఆఫీసరు గారు పక్కనే నుంచుని ఉత్తరం కొట్టించారు. చూడముచ్చటగా వచ్చింది. "అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యండి, నాకు ఆనట్లేదు" అన్నారు. చేశాను. అంతే! ప్రతి లైను చివరి మాటా కిందికి జారిపడింది. ఒకటి పొడుగు లైను, ఒకటి పొట్టి లైను, పళ్ళూడిన దువ్వెనలాగ. నాకు రంపచోడవరం బస్సు కళ్ళముందు కనబడింది.

మాకు కంప్యూటర్ నేర్పే మేడం పరిగెత్తుకొచ్చి, "లైను చివర ఎంటరెందుకండీ, అదే దిగుతుంది!" అంది.

"ముందే చెప్పొచ్చుగా!"

"మీరడగలేదండీ. ఇప్పుడవన్నీ ఒక్కొక్కటే తీసెయ్యాలి."

నేనాగితేగా. మొత్తం తుడిచేసి మొదట్నుంచీ కొట్టడం మొదలెట్టాను, ఎంటర్ జోలికి పోకుండా. అంచుకొచ్చేసరికి చెయ్యి లేచి మానిటర్‌కి ఫట్‌మని తగిలింది. ఆపలేదు. మేడం ఇంకా "అది కాదండీ, ఎలా సరిచెయ్యాలంటే" అంటూనే ఉంది, ఇక్కడ ఉత్తరం అయిపోయింది. ఆఫీసరు గారు చదువుకుని, "ఈవిడ్ని పంపేస్తే ఇక్కడెవరు కొడతారండీ" అన్నారు. మీ మావయ్య ఆ రోజు పూతరేకులు తెచ్చాడు, తెలుసా?

ఇంక నోటితో చెప్తే కంప్యూటరే రాసుకుంటుందిట, మీ బావ అంటున్నాడు. రాసుకోనీ. నువ్వా కోర్సేదో నేర్చుకుంటున్నావుగా, అదీ మారిపోతుంది రేపు. కంగారుపడకు. తుడిచేసి మళ్ళీ కొట్టుకో.

అదిగో, మళ్ళీ లేచింది చెయ్యి. ఎలాగూ లేచింది, ఇలా రా, నీ నెత్తిన పెడతాను. చల్లగా ఉండు. ఇంక పక్కకి జరుగు, కాలనీ వాళ్ళ అర్జీ సగంలో ఉంది...