చుక్క లేని అర్ధం

పెద్దలారా, మన బస్సు డిపో అన్నదమ్ములారా, ముందు వరసలో కూర్చున్న వదినగారూ,

మన స్టోరు మాస్టారు పోయి నేటికి తొమ్మిది రోజులు. ఇంతమందిని చూస్తే ఆయన మొహమాటపడి స్టోరు కిటికీ మూసుకునేవారు. పొద్దున వాళ్ళమ్మాయి నా చేతిలో ఈ నోటుపుస్తకం పెట్టింది. "బాబాయ్, నువ్వు బాగా మాట్లాడతావుగా, నాన్న రాసుకున్నవి నాలుగు మంచి మాటలు చదువు" అంది. నాలుగు చదవలేను తల్లీ. ఒక్కటే చదువుతాను. అంతకుముందు నా తప్పు చెప్పుకోవాలి.

ఈ పుస్తకం సంగతి మీకు తెలుసు. పేపరు ముక్క, లారీ వెనక రాత, మన ఊడ్చే అవ్వ విసుగులో అన్న మాట, ఏది నచ్చినా మాస్టారు ఇందులోకి ఎక్కించేవారు. కింద చెప్పినవాళ్ళ పేరు. దాని కింద గీత గీసి, 'అర్థం' అని రాసి, తనకు తోచింది. అందులోంచి రోజుకొకటి కిటికీ పక్కన నల్లబల్ల మీద రాసేవారు. సుత్తి అడిగితే సూక్తి ఇస్తాడని ప్రచారం చేసింది ఎవరు? నేనే. 'సూక్తుల సుత్తి' అని బాత్రూము గోడ మీద రాసింది ఎవరు? వెతక్కండి, అదీ నేనే. మర్నాడు మాస్టారు దాని పక్కనే సుద్దముక్కతో 'ప్రాస బాగుంది' అని రాసి వెళ్ళారు.

అక్కడితో ఆగానా? ఒకరోజు కిటికీలోంచి చీటీ పడేశాను. "వదులైన బోల్టు చప్పుడు చేస్తుంది. విరిగిన బోల్టు చప్పుడు చెయ్యదు. ఇది అర్ధం చేసుకున్నవాడే మనిషి." కింద, 'ఒక విదేశీ తత్వవేత్త'. ఆ తత్వవేత్త మా బ్రేకుల సెక్షన్లో, గ్రీజు చేతులతో, నేను టీ తాగుతుండగా పుట్టాడు. మర్నాడు బల్ల మీద అదే మాట. కింద మాత్రం 'మనకు తెలిసినవాడే' అని ఉంది. పిచ్చి మాస్టారు విదేశాల్లో కూడా చుట్టరికాలు కలుపుతున్నాడని పడీపడీ నవ్వాను.

ఐదు నెలల తరవాత వార్షిక సమావేశంలో, రెండు వందల మంది ముందు, ఇదే మైకు పట్టుకుని గుట్టు విప్పాను. మీరంతా నవ్వారు. మేనేజరుగారు కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. మర్నాడు బల్ల ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ. అలా రెండేళ్ళు. సుత్తి అడిగితే సుత్తే ఇచ్చారు. ఏం మాస్టారూ, ఎందుకు రాయడం లేదని మనలో ఒక్కరం అడిగామా? నేను అడిగానా? పీడా పోయిందనుకున్నాను.

ఇప్పుడు ఆ పేజీ చదువుతాను. తేదీ నేను చీటీ పడేసిన రోజుదే. సమావేశం నాటిది కాదు.

"చెప్పినవాడు: మన బ్రేకుల మేస్త్రీ. థ కడుపులో చుక్క పెట్టకుండా, అర్థాన్ని అర్ధం అని రాసేది డిపో మొత్తానికి వీడొక్కడే. అర్థం: చప్పుడు చేసేవాణ్ణి చూసి విసుక్కోకూడదు, వాడింకా విరగలేదు. చప్పుడు ఆగినవాడి దగ్గరికి మనమే వెళ్ళి పలకరించాలి."

విన్నారా? ఆయనకు మొదటి రోజే తెలుసు. తెలిసే, నా వెకిలి కూతను మంచి మాట చేసి బల్లకెక్కించారు. నేను దాంతోనే ఆయన్ని నలుగురిలో కొట్టాను. ఆయన చప్పుడు ఆగిపోయింది. వెళ్ళి పలకరించాల్సినవాణ్ణి నేను. రోజుకు నాలుగుసార్లు ఆ కిటికీ ముందు నుంచే నడిచాను. ఆగలేదు.

వదినగారూ, క్షమించమని అడిగే మొహం నాకు లేదు. మాస్టారూ, అర్ధం అంటే సగమని ఎన్నిసార్లు దిద్దారో. నేను రాసిందే సరి. మీరు నాకు ఎప్పుడూ సగమే అర్థమయ్యారు. మిగతా సగం ఈ పొద్దున అయింది.

అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు చప్పుడు ఆపుదాం. ఆ తరవాత కూడా మీ పక్కన ఎవరైనా మాటా పలుకూ లేకుండా నిలబడి ఉంటే, వాళ్ళను పలకరించకుండా గేటు దాటకండి.