సీమ బాకా

"అదిగో, దానం చెయ్యెత్తేడు. ముందు చిన్నది మోగిస్తాడు. చెవులొగ్గి విను, ఏడుకొండలూ."

"ఇంటన్నానండి మేష్టారూ. ఆయ్."

1955 మాఘమాసం, పొద్దు వాలే వేళ. వైనతేయ ఇవతలి గట్టున పడవ రేవులో ఇద్దరే ఉన్నారు: అవతలి లంకలో బడి చెప్పే జ్ఞానప్రకాశం మాస్టారూ, పడవ నడిపే ఏడుకొండలూ. అవతలి ఒడ్డున రాజోలు మైకుసెట్టు దానం రెండు బాకాలు వెదురుగడకు కట్టి, పక్కన కారు బాటరీ పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నది నూటిరవై రూపాయల బొంబాయి సరుకు, పెద్దది ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చి మూడువందల యాభై పలికే సీమ సరుకు. లంకవాళ్ళు పడవని పిలవడానికి ఏది కొనాలో తేల్చాలని మాస్టారి పట్టుదల. పొద్దుటి నుంచీ ఈ రేవు వదిలి ఎక్కడికైనా పోదామనే చూశాడు ఏడుకొండలు. కుదిరితేగా.

"హలో... హలో... ఒకటి... రెండు... మూడు..."

"విన్నావా?"

"బెమ్మాండంగా ఉందండి. ఇది చాలండి."

"ఏమన్నాడో చెప్పు చూద్దాం."

"ఏదో అన్నాడండి. మోతొచ్చింది కదండి."

"మోత వేరు, మాట వేరు. రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. సీమదైతే అక్షరం అక్షరం విడివిడిగా వస్తుందిట."

"పడవోడికి అచ్చరాలెందుకండి, మేం పరీచ్చ రాత్తామా? మోతొత్తే పడవ కావాలని. అంతే."

"పైగా ఈ సముద్రపు గాలికి సీమది చిలుం పట్టదుట. బొంబాయిది రెండు వానలకి బొంగురు పోతుందిట."

"అదంతా దానం మాటేనాండి? ఆడు సరుకమ్ముకునేవోడండి. మొన్న మా మేనల్లుడి పెళ్ళిలో ఆడి సీమ బాకా ఒకటే కుయ్యోమని ఏడుపు. పెళ్ళికూతురు నయం. వాపంతా బలుపు కాదండి మేష్టారూ."

"నవ్వించి తప్పించుకోవాలని చూడకు. చిన్నదైతే లంకలో చందాలు సరిపోతాయి. అది నాకూ తెలుసు. కానీ ఆ రోజు గాలి ఎటుందో గుర్తుందా నీకు?"

"ఏ రోజు సంగతండి?"

"తెలిసే అడుగుతున్నావు."

"... ఎదురుగాలండి. ఇటునుంచి అటు."

"అదీ. ఎదురుగాలికి ఈ డబ్బా మోత సగం ఏరు కూడా దాటదు. నా గొంతులాగే."

"మీ గొంతుకేమైందండి..."

"అరవైమంది పిల్లల్ని బెత్తం లేకుండా కూర్చోబెట్టిన గొంతయ్యా ఇది. గుళ్ళో కీర్తనెత్తుకుంటే ఊరవతలికి వినపడేదని అందరూ అనేవారు. నేనూ పొంగిపోయేవాణ్ణి. సొంత కూతురు నొప్పులు పడుతూ గట్టు మీద పడుంటే, ఆ గొంతు ఏరు దాటలేకపోయింది. రెండేళ్ళయింది, ఇంట్లో గట్టిగా మాట్లాడ్డం మానేశాను. మా ఆవిడ కనకమ్మ పెరట్లోంచి పిలిస్తే దగ్గరికెళ్ళి బదులు చెబుతాను. గొంతెత్తాలంటే సిగ్గేస్తుంది, ఏడుకొండలూ."

"అలాగనకండి."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని లంకలో అంటున్నారు. అననీ. ఇంకో ఆడపిల్ల చేతులు కాలకుండా ఉంటే చాలు. సోమవారం ఇందిర గొలుసు అమలాపురం పట్టుకెళ్తాను. అయిదు కాసులు. చందాల మీద తక్కువైనదంతా దాంతో సరిపోతుంది."

"అమ్మాయిగారి గొలుసా అండి?"

"పెళ్ళికి పెట్టింది. పిల్ల తాలూకు అదొక్కటే మిగిలింది. కనకమ్మ దాన్ని తలకింద పెట్టుకు పడుకుంటుంది. అమ్ముతానన్న దగ్గర్నుంచీ నాతో మాట లేదు."

"అమ్మకండి మేష్టారూ. చిన్న బాకా చాలండి."

"చాలదు."

"అసలు బాకాయే అక్కర్లేదండి. నేనే రోజూ పడవ అవతలి ఒడ్డున కట్టేసుకుంటాను. రాత్రిళ్ళు అక్కడే పడుకుంటాను. మా వీరాయమ్మకి కూడా చెప్పేశాను."

"రేపు నువ్వు పోతే? నీ తర్వాత వచ్చేవాడు అక్కడ పడుకుంటాడా? మనిషి మీద ఎంతకాలం ఆధారపడతాం? ఉండుండు, తువ్వాలు ఊపుతున్నాడు. ఇప్పుడు సీమది. వాడికి హలోలు వద్దని చెప్పేను. ఆ రోజు నేనెలా పిలిచేనో అలాగే పిలవమన్నాను. అదే మాట, అన్నే సార్లు."

"వద్దండి."

"ఏం?"

"హలో అనమనండి. హలో బావుంటదండి."

"పోల్చుకోవాలంటే అదే మాట కావాలి. విను."

"ఓ ఏడుకొండలూ... పడవ తేవయ్యా..."

నీళ్ళ మీంచి ఆ పిలుపు పక్కన నిలబడి పిలిచినంత తేటగా వచ్చింది. కాసేపాగి మళ్ళీ ఒకసారి వచ్చింది. ఏడుకొండలు గట్టు మీద ఉన్నవాడు ఉన్నట్టే అవతలికి చూస్తూ ఉండిపోయాడు.

"చూసేవా? మూడువందల యాభై ఊరికే అనలేదు. ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. ఆ రోజు ఇదే ఉండుంటే... ఏవిటయ్యా, అలా ఉన్నావు?"

"ఇంకోటండి."

"ఇంకోటేవిటి?"

"ఇంకోసారి పిలవమనండి. తువ్వాలు ఊపండి, పిలుత్తాడు."

"ఎందుకు? నేను పిలిచింది రెండుసార్లే."

"రెండే ఎందుకు పిలిచేరండి?"

"అదేం ప్రశ్న?"

"ఇంకొక్కటి పిలవలేకపోయేరా మేష్టారూ? ఒక్కటండి. ఒక్క కేక."

"కూర్చో. ముందు కూర్చో."

"రోజూ మసక పడగానే వత్తాయండి, ఆ రెండూ. దానం గొంతు కాదు, మీ గొంతే. కంచం ముందు కూకుంటే వత్తాయి. ఏవీ ఇనపడలేదే అంటది వీరాయమ్మ. నేను మూడోదాని కోసం చూత్తాను. రాదు. అన్నం చల్లారిపోద్ది."

"ఏవంటున్నావు నువ్వు? ఆ రోజు నీకు..."

"చెప్పనివ్వండి, మళ్ళీ చెప్పలేను. మా పడవోళ్ళకి ఓ కట్టుబాటుందండి. మసక పడ్డాక ఏటవతల నుంచి పేరెట్టి పిలిత్తే, మొదటి పిలుపుకి లెగకూడదు, రెండోదానికీ లెగకూడదు. ఏట్లో పోయినోళ్ళు పిలుత్తారండి, తోడు రమ్మని. ఆళ్ళు రెండుసార్లకి మించి పిలవలేరు. మూడో పిలుపు వత్తే మనిషి. మా అయ్య అలా లెగిసే పోయేడని మా అమ్మ ఒట్టేయించుకుందండి నాచేత. లంకలో పాతోళ్ళందరికీ తెలుసు, మూడు కేకలేత్తారు. మీరు ఆ బడికి మారి అప్పటికి నెలేనంట. నాకు తెలీదండి. కొత్త గొంతు, ఎరగని గొంతు. బయపడ్డాను."

"ఏడుకొండలూ..."

"బాకా వద్దండి. చిన్నదీ వద్దు, సీమదీ వద్దు. ఆ గొలుసు అమ్మగారి చేతికిచ్చెయ్యండి. మీ గొంతు ఏరు దాటిందండి. ఎదురుగాల్లో రెండుసార్లూ దాటింది. గడ తీసి ఒళ్ళో ఎట్టుకుని, మూడోదాని కోసం గుమ్మంలోనే కూకున్నాను. తెల్లారి పడవేసుకొత్తే, మీరు ఆ పిల్ల మీద పంచె కప్పి ఉన్నారు. ఆయేళే చెప్పాల్సింది. నోరు రాలేదు. నన్ను ఏం చేత్తారో చెయ్యండి."

అవతలి ఒడ్డు నుంచి దానం ఏమైందని తువ్వాలు ఊపి అడుగుతున్నాడు. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

"కొడతారా అండి? కొట్టండి. ఏదో ఒకటనండి మేష్టారూ."

"మూడోసారి పిలుద్దామని నోటికి చేతులడ్డం పెట్టుకున్నానయ్యా. ఇందిరే నా పంచె పట్టుకుని ఆపింది. 'చాలు నాన్నా, గొంతు పోతుంది. అతనికి వినపడే ఉంటుంది, వచ్చేస్తాడు' అంది."